మిగిలిన యాక్షన్ పక్కవాళ్ళకి: డెడ్ మెన్ టెల్ నో టేల్స్ చాలాకాలం ఆడాక

అందరూ ఒకే జట్టుగా ఆడే బోర్డు గేమ్‌లంటే నాకు ఇష్టమే గానీ, వాటితో ఒక తలనొప్పి ఉంది. పేరుకి నలుగురం కూర్చుంటాం, ఆడేది ఒక్కరే. ఎవరి గొంతు పెద్దదైతే వాళ్ళు "నువ్వు ఇటు వెళ్ళు, నువ్వు అది తియ్యి" అంటూ పోతారు, మిగతావాళ్ళు చెప్పిన చోటికి బొమ్మలు జరుపుతారు. 2008లో పాండెమిక్ అనే ఆట వచ్చి ఈ తరహా ఆటలకి ఊపు తెచ్చినప్పటి నుంచీ ఈ గొణుగుడు ఉన్నదే. దీనికి ఒక్కో ఆట ఒక్కో మందు వెతుక్కుంది. హనాబిలో మన చేతిలో కార్డులు మనకి తప్ప అందరికీ కనిపిస్తాయి. ద క్రూలో మాట్లాడటానికే హద్దు పెట్టారు. నేను చెప్పబోయే సముద్రపు దొంగల ఆట, డెడ్ మెన్ టెల్ నో టేల్స్, తయారుచేసిన కేన్ క్లెంకో అదే ఏడు, 2015లో, ఫ్యూజ్ అని ఇంకోటి చేశాడు. అందులో పది నిమిషాల గడియారం నడుస్తుంటుంది, పక్కవాడి మీద పెత్తనం చేసే తీరిక ఎవరికీ దొరకదు.

డెడ్ మెన్ టెల్ నో టేల్స్‌లో ఇలాంటి అడ్డుకట్టలేవీ లేవు. అన్నీ అందరి కళ్ళ ముందే ఉంటాయి, ఎంతసేపైనా మాట్లాడుకోవచ్చు. లెక్కప్రకారం పెత్తనానికి ఇంతకన్నా అనువైన ఆట ఉండకూడదు. అయినా మా ఇంట్లో పెత్తనం కాస్త తగ్గింది ఈ ఆట దగ్గరే. దానికి కారణం ఒక్క రూలు. నా వంతులో నేను వాడుకోని యాక్షన్ టోకెన్లని, అంటే ఒక్కో పనికి ఒక్కోటి ఖర్చుపెట్టే బిళ్ళల్ని, నా తర్వాత ఆడేవాళ్ళకి ఇచ్చెయ్యొచ్చు. కొన్నేళ్ళుగా అలమరలోంచి ఈ పెట్టె మళ్ళీ మళ్ళీ కిందికి దిగుతోందంటే సగం దీనివల్లే.

తగలబడుతున్న ఓడ, అందులో నిధులు, వాటికి కాపలా కాసే అస్థిపంజరాలు, పేలిపోయేలోగా నిధులతో బయటపడటం, కథ టూకీగా ఇంతే. ఓడలో ప్రతి గదిలోనూ ఒక మంట పాచిక, దాని అంకె ఎంతైతే మంట అంత. వంతుకి ఐదు యాక్షన్లు, వంతు చివర ఒక కార్డు. ఆ కార్డు ఏ రంగు, ఏ అంకె చూపిస్తే ఆ రంగులో ఆ అంకె మీదున్న మంట పాచికలు ఒక మెట్టు పెరుగుతాయి. మనం ఐదు యాక్షన్లూ వాడినా, ఒక్కటీ వాడకపోయినా కార్డు మాత్రం పడి తీరుతుంది.

కొత్తగా ఆడేవాళ్ళెవరూ యాక్షన్లు మిగల్చరు. ఇచ్చింది పూర్తిగా ఖర్చు పెట్టకపోతే నష్టపోయినట్టు అనిపిస్తుంది. చేసే పని లేకపోయినా పక్క గదిలో మంట ఒక మెట్టు తగ్గించి, ఏదో చేశాం అని తృప్తిపడతారు. మేమూ మొదట్లో అలాగే ఆడేవాళ్ళం. తర్వాత తెలిసింది, తొమ్మిది యాక్షన్ల వంతు ఒకటి, ఐదూ నాలుగూ ఉన్న రెండు వంతులతో సమానం కాదని. రెండు వంతులైతే మధ్యలో ఒక కార్డు పడుతుంది. కష్టపడి తగ్గించిన మంటని అది మళ్ళీ పైకి లేపుతుంది. తొమ్మిదీ ఒకే చేతికి వస్తే మధ్యలో ఏదీ పడదు. దీనికి తోడు అలసట లెక్క ఒకటి. మంట రెండు ఉన్న గదిలోంచి ఐదు ఉన్న గదిలోకి అడుగు పెడితే ఆ తేడా, అంటే మూడు, మన అలసటకి కలుస్తుంది. ముందు ఆర్పి తర్వాత నడిస్తే ఒంటికి ఏమీ కాదు, కానీ దానికి చేతిలో యాక్షన్లు దండిగా ఉండాలి.

ఒకసారి జరిగింది చెప్తాను. ఆడుతున్నది మా బావ, అక్క, వాళ్ళమ్మాయి, నేను. మేనకోడలు మాటల మనిషి కాదు. వాళ్ళ నాన్న మాటలు తప్ప ఇంకేం లేని మనిషి. ఆయన ఏ ఆట ఆడినా నలుగురి వంతులూ ఆయనవే. కూతురు చెయ్యి బొమ్మ మీద పెట్టేలోపే "అటు కాదు తల్లీ" అని ఆయన గొంతు లేస్తుంది.

ఆ రోజు బావ దగ్గర నిధి ఉంది. బయటికి రావడానికి రెండు గదులు దాటాలి. ఆయన నిలబడ్డ గదిలో మంట రెండు, ఎదుటి గదిలో ఐదు. దాని అవతలి గదిలో మంట పెద్దగా లేదు గానీ, నేలతలుపులోంచి వచ్చిన శత్రువులు, ఆ ఓడ మనుషులు ఇద్దరు అడ్డంగా ఉన్నారు. ఆయన అలసట ఎంతో చూపించే చక్రం దాదాపు చివరికొచ్చేసింది, ఇంకో మూడు కలిస్తే ఆయన పని అయిపోయినట్టే. ఆయనకి ముందు ఆడాల్సింది మేనకోడలు. తను ఓడలో ఇంకో మూల ఉంది, గదిలో మంట మూడు, అదే గదిలో నాలుగుకి పేలే మందుగుండు పీపా. బావ తీర్పు అప్పటికే వచ్చేసింది. కూతురు తన గది మొత్తం ఆర్పేసి, అక్కడే ఉండాలి.

తను ఒకే ఒక్క యాక్షన్ వాడి మంటని మూడు నుంచి రెండుకి దించింది. మిగిలిన నాలుగు టోకెన్లూ వాళ్ళ నాన్న ముందుకి జరిపింది.

"నాకెందుకు ఇవి? ముందు నీ గది ఆర్పుకో, పక్కనే పీపా ఉంది కదా."

"అది నాలుగొస్తే పేలుతుంది నాన్నా. ఇప్పుడు రెండు. నీకు ఐదు చాలవు, లెక్కపెట్టుకో."

బావ పైకే లెక్కపెట్టాడు. ఎదుటి గది మంట ఐదు నుంచి రెండుకి దించడానికి మూడు. అందులోకి నడవడానికి ఒకటి. అవతల ఉన్న ఇద్దరినీ కొట్టడానికి రెండు. అక్కడికి ఒకటి, బయటికి ఒకటి. మొత్తం ఎనిమిది. సొంత ఐదుతో అయితే మొదటి గదిలోకి అడుగుపెట్టి, ఒకణ్ణి కొట్టి ఆగిపోతాడు. ఆ పైన కార్డు. అప్పుడు ఆయన ముఖం చూసి అక్క నవ్వు ఆపుకోలేకపోయింది.

కానీ ముందు మేనకోడలి వంతు చివరి కార్డు తియ్యాలి. ఎదుటి గది పసుపు పాచిక, ఐదు మీద ఉంది. పసుపు ఐదు పడితే ఆరు, ఆరైతే ఆ గదే లేచిపోతుంది, దారి మూసుకుపోతుంది. తను కార్డు తిప్పేవరకు ఎవరం మాట్లాడలేదు. ఎరుపు పడింది. బావ తొమ్మిది టోకెన్లతో ఎనిమిది ఖర్చుపెట్టి నిధితో బయటపడి, మిగిలిన ఒక్కటి నాకిచ్చాడు. ఇచ్చేటప్పుడు దాంతో ఏం చెయ్యాలో చెప్పలేదు. ఆయన్ని ఎరిగినవాళ్ళకి అదెంత పెద్ద విషయమో అర్థమవుతుంది.

ఆట మాత్రం ఓడిపోయాం. మేం పట్టించుకోని ఇంకో వైపు రెండు గదులు వరసగా పేలి ఓడ మునిగింది.

ఇందులో నాకు నచ్చేది ఏమిటంటే, టోకెన్ ఇవ్వడం కూడా ఆడటమే. మాటలు రానివాళ్ళు, మాట చెల్లనివాళ్ళు, వాదించకుండానే తమ నిర్ణయం బల్ల మీద పెట్టొచ్చు. నాలుగు టోకెన్లు ఎదురుగా వచ్చి పడ్డాక ఎంత పెద్ద గొంతు అయినా ఒక్క క్షణం ఆగి ఆలోచించాల్సిందే. నా వంతు అయిపోయిందని ఫోన్ చూసుకోవడం కూడా తగ్గింది, నా ముందున్నవాళ్ళు ఎన్ని మిగులుస్తారో చూసుకోవాలి కదా.

ఈ ఆటతో నాకున్న పాత గొడవ మంట పాచికలతో. ప్రతి గది టైల్ (గది బొమ్మున్న అట్టముక్క) మీదా ఒక పాచిక ఉంటుంది, దాని పై అంకే మంట తీవ్రత. ఎవరి మోచెయ్యి తగిలినా, టైల్ కొంచెం జరిగినా పాచిక దొర్లుతుంది. ఇక పంచాయితీ మొదలు. "మూడుండేది." "కాదు, నాలుగు." పేలిందా లేదా అన్నది ఆ ఒక్క అంకె మీదే ఉంటుంది కాబట్టి ఎవరూ తగ్గరు. పైగా టైల్స్ ఒక్కొక్కటే పరుస్తూ పోతాం కాబట్టి ఓడ ఎటు పెరుగుతుందో ముందు తెలియదు, టైల్స్ బల్ల అంచుదాకా పోతాయి, అప్పుడు మొత్తం ఓడని ఇవతలికి లాగాలి. పాచికలన్నీ కదలకుండా లాగడం ఎవరివల్లా కాదు. ఇప్పుడు మేం ప్రతి చుట్టు చివరా ఫోన్‌తో బల్లని ఒక ఫోటో తీసుకుంటున్నాం. పని జరుగుతుంది గానీ, ఇంత అందంగా చేసిన ఆటలో ఈ అవస్థ ఏమిటనిపిస్తుంది. అలసట చక్రం కూడా వాడగా వాడగా వదులైంది. ఎత్తి పెట్టేటప్పుడు అదే తిరుగుతోంది, ఎప్పుడూ మనకి లాభం వచ్చేవైపే తిరుగుతుందని అక్క అనుమానం.

పెత్తనం సంగతి వచ్చింది కాబట్టి ఒక పక్కదారి. నిజం సముద్రపు దొంగల ఒప్పందాలు కొన్ని ఇప్పటికీ దొరుకుతున్నాయి. 1722లో చనిపోయిన బార్తొలొమ్యూ రాబర్ట్స్ ఓడ మీద ముఖ్యమైన విషయాల్లో ప్రతి ఒక్కడికీ ఒక ఓటు ఉండేది. డబ్బు పెట్టి పేకాట, పాచికలు ఆడటం నిషేధం. 1723 నాటి జాన్ ఫిలిప్స్ ఒప్పందంలో ఇంకా పనికొచ్చేది ఉంది. ఓడ అడుగు భాగంలో మూత లేని గొట్టంతో పొగాకు తాగినా, లాంతరు లేకుండా వెలిగించిన కొవ్వొత్తి పట్టుకెళ్ళినా ఒట్టి వీపు మీద ముప్పై తొమ్మిది దెబ్బలు. చెక్క ఓడ మీద నిప్పంటే వాళ్ళకి అంత భయం. ఆ ఫిలిప్స్ ఓడ పేరు రివెంజ్, మన ఆటలో ఓడ పేరు స్కెలిట్స్ రివెంజ్. ఇది కావాలని పెట్టారో, ఊరికే కలిసిందో గానీ, నాకైతే సరదాగా అనిపించింది. ఓటు సంగతి బావకి చదివి వినిపించాను. "వాళ్ళందరూ చివరికి పట్టుబడ్డారు కదా" అన్నాడు.

పైన చెప్పిన పొగడ్తలో కొంత వెనక్కి తీసుకోవాలి. టోకెన్లు ఎవరికి పడితే వాళ్ళకి ఇవ్వలేం, తర్వాతి వంతు వాళ్ళకే. కాబట్టి ఎవరు ఎవరి పక్కన కూర్చున్నారన్నదే సగం ఆట. బావకి ఈ కిటుకు తొందరగానే అర్థమైంది. ఇప్పుడు ఆయన కూతురి తర్వాతి కుర్చీ కోసం ముందే వచ్చి కూర్చుంటాడు, "ఆ రెండూ ఇలా పడెయ్" అని చెయ్యి చాపుతాడు. పెత్తనం పోలేదు, వేషం మార్చింది. మేం ఇంట్లో ఒక రూలు పెట్టుకున్నాం. టోకెన్లు ఇచ్చేది ఇచ్చేవాళ్ళ ఇష్టం, తీసుకునేవాళ్ళు అడగకూడదు. బావ రూలు పాటిస్తాడు, అడగడు. గట్టిగా దగ్గుతాడు.

ఇంకోటి, బాగా అలవాటయ్యాక కొన్ని వంతుల్లో ఎన్ని ఇవ్వాలన్నది చూడగానే తెలిసిపోతుంది. అప్పుడు ఇవ్వడంలో తెగింపు ఉండదు, కూడికలూ తీసివేతలే. మొదట్లో ఉన్న థ్రిల్ ఇప్పుడు ప్రతి ఆటలోనూ రావడం లేదు. ఓడ రూపం మారుతున్నా, మంట కార్డుల తీరు ఒంటికి పట్టేసింది. కొత్తవాళ్ళెవరైనా వచ్చి కూర్చుంటే మళ్ళీ ప్రాణం లేచొస్తుంది, ఎందుకంటే వాళ్ళు ఎన్ని మిగులుస్తారో మనకి తెలియదు.

ఇద్దరే ఆడితే ఈ రూలు రుచి బాగా తగ్గుతుంది. నేనూ మేనకోడలూ అలా ఆడాం. టోకెన్లు నా దగ్గర్నుంచి తనకి, తన దగ్గర్నుంచి నాకు తిరుగుతుంటాయి, మధ్యలో ఎవరూ లేరు కాబట్టి ఇద్దరూ కలిసి ఒకే మెదడుతో ఆడుతున్నట్టు ఉంటుంది. ఆట గట్టిగానే ఉంటుంది, టెన్షన్ కూడా తక్కువేం కాదు, కానీ ఇచ్చిపుచ్చుకోవడంలో కథ పుట్టదు. ఐదుగురైతే ఉల్టా, కథలు బోలెడు, కానీ మన వంతు తిరిగొచ్చేసరికి ఓడ గుర్తుపట్టలేనంతగా మారిపోతుంది. మాకు ముగ్గురూ నలుగురూ కుదిరారు.

కాబట్టి కొనాలా వద్దా అంటే, మీ ఇంట్లో ఎవరెవరున్నారన్న దాన్నిబట్టి చెప్పాలి. మా దగ్గర ఒక పెద్ద గొంతు, ఒక మౌనమైన తెలివి ఉండబట్టి ఇది ఇంతకాలం నిలిచింది. మీ జట్టులో అందరూ సమానంగా మాట్లాడేవాళ్ళే అయితే ఈ టోకెన్ల వల్ల మీకు కొత్తగా ఒరిగేది తక్కువ, అప్పుడు మంట, అలసట లెక్కలు నచ్చితేనే తీసుకోండి. పసిపిల్లలున్న ఇంట్లో, ఊగే బల్ల మీద అయితే నేను చెప్పను. ఇద్దరే ఆడేవాళ్ళయితే ఎవరి దగ్గరైనా ఒకసారి ఆడి చూశాక ఆలోచించుకోండి. మేం మాత్రం ఇంకా ఆడుతున్నాం, బావ కుర్చీ మాత్రం ఈ మధ్య అక్కే చూపిస్తోంది.