హావ్ ఐ బీన్ పోన్డ్: ఈమెయిల్ వరకు భేషైన సేవ

మన వివరాలు ఎక్కడైనా లీకయ్యాయో లేదో చూసిపెడతామనే సైట్లు ఇప్పుడు చాలానే ఉన్నాయి గానీ, వాటిలో నేను నమ్మి వాడుతున్నది 'హావ్ ఐ బీన్ పోన్డ్' ఒక్కటే. అడోబ్ సంస్థ నుంచి 15 కోట్లకు పైగా ఖాతాల వివరాలు బయటపడిన 2013లోనే, ఆ సంవత్సరం డిసెంబరులో, ఆస్ట్రేలియాకు చెందిన భద్రతా నిపుణుడు ట్రాయ్ హంట్ దీన్ని ప్రారంభించారు. ఈమెయిల్ చిరునామా టైపు చేస్తే అది ఏయే లీకుల్లో ఉందో వరుసగా చూపిస్తుంది. అందుకు డబ్బు అడగదు, ఓటీపీ అడగదు.

విశాఖపట్నం ఎంవీపీ కాలనీలోని మా ఇంట్లోవారివీ, ఉక్కునగరంలో ఉండే మామగారివీ చిరునామాలన్నీ ఇందులో వెతికాను. ఉందో లేదో చెప్పి ఊరుకోకుండా, ప్రతి లీకు ఎప్పుడు జరిగింది, అందులో ఏ రకం వివరాలు పోయాయి అన్నది విడివిడిగా రాయడం దీనిలో నాకు బాగా నచ్చిన అంశం. మామగారి చిరునామా కింద ఒక ఆన్‌లైన్ సరకుల సంస్థ పేరు వచ్చింది. దాని ఎదురుగా పేరు, ఫోన్ నంబరు, ఇంటి చిరునామా, పాస్‌వర్డ్ అని ఉంది. పాస్‌వర్డును, అదే పాస్‌వర్డ్ పెట్టిన మిగతా ఖాతాలన్నిటిలోనూ మార్చేశాము. ఇంటి చిరునామాను మార్చుకోలేము కాబట్టి, ఫ్లాట్ నంబరుతో సహా చెప్పి "మీ పార్సిల్ ఆగిపోయింది" అనే ఫోన్లను ఇకపై నమ్మవద్దని మాత్రం ఆయనకు చెప్పాను.

ఇతరుల గుట్టు విప్పే సాధనంగా మారకుండా కూడా కొంత జాగ్రత్త తీసుకున్నారు. 2015లో బయటపడిన ఆష్లే మాడిసన్ (వివాహేతర పరిచయాల సైటు) వంటి సున్నితమైన లీకుల ఫలితాలు, ఆ ఈమెయిల్ తనదేనని నిరూపించుకున్నవారికి తప్ప కనబడవు.

పాస్‌వర్డ్‌లను పరీక్షించే విభాగం వేరుగా ఉంది. పాస్‌వర్డును ఎవరిదో సైటులో టైపు చేయడమేమిటని ఎవరికైనా సందేహం రావాలి, వచ్చి తీరాలి కూడా. ఇక్కడ మాత్రం పాస్‌వర్డ్ మన బ్రౌజరులోనే 40 అక్షరాల హ్యాష్‌గా, అంటే పాస్‌వర్డును బట్టి లెక్కగట్టిన ఒక సంకేత వరుసగా, మారుతుంది. అందులో మొదటి 5 అక్షరాలు మాత్రమే సర్వరుకు వెళ్తాయి. ఆ అయిదింటితో మొదలయ్యే వందలాది హ్యాష్‌ల మిగతా భాగాలను సర్వరు తిప్పి పంపితే, మనది వాటిలో ఉందా అన్న పోలిక మళ్లీ మన బ్రౌజరులోనే జరుగుతుంది. లీకులు చూసిపెడతామంటూ ఈమెయిల్, పాస్‌వర్డ్ రెండూ ఒకేచోట అడిగే సైటు ఎంత అందంగా ఉన్నా దాని జోలికి పోనక్కర్లేదు.

ఇక లోటు సంగతి. మన ఊళ్లో గ్యాస్ బుకింగ్ నుంచి ఆసుపత్రి చీటీ వరకు అన్నీ ఫోన్ నంబరు మీదే నడుస్తాయి, కానీ ఈ సైటులో ఫోన్ నంబరుతో వెతికే వీలు ఇప్పుడు లేదు. 2021లో ఫేస్‌బుక్ వివరాలు బయటపడినప్పుడు చేర్చిన ఆ సదుపాయాన్ని 2025లో సైటును కొత్తగా రూపొందించినప్పుడు తీసేశారు. కోవిడ్ టీకా కోసం నమోదైనవారి వివరాలు ఫోన్ నంబరు ఇస్తే టెలిగ్రామ్ బాట్‌లో (అడిగినదానికి తనంతట తానే జవాబిచ్చే ఖాతాలో) వస్తున్నాయని 2023 జూన్‌లో వార్తలు వచ్చాయి. అటువంటివి ఈమెయిల్‌తో వెతికితే దొరికేవి కావు. జిరాక్స్ షాపు కంప్యూటరులో వదిలేసిన ఆధార్ ప్రతి సంగతి సరేసరి. అందువల్ల 'ఏ లీకులోనూ లేదు' అని వచ్చినా, సైటు దగ్గరున్న జాబితాలో ఆ ఈమెయిల్ లేదని మాత్రమే అర్థం చేసుకోవాలి. డబ్బు పోయినప్పుడు ఈ సైటులో వెతుకుతూ కూర్చోక వెంటనే సైబర్ నేరాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయాలి.

కొత్త లీకులో మన చిరునామా కనబడితే కబురు పంపే ఏర్పాటు ఉచితమే. ఆ కబురు కూడా ఈమెయిలుకే వస్తుంది, అదీ ఇంగ్లీషులో. కొడుకో మనవడో ఫోన్ కొన్నరోజున తెరిచిపెట్టిన ఈమెయిలును ఆ తర్వాత ఒక్కసారీ చూడని పెద్దలకు ఇది దాదాపు నిరుపయోగం. వారి తరఫున ఇంట్లో మరొకరు ఆ ఇన్‌బాక్స్ చూస్తుంటేనే నమోదు చేయడంలో ప్రయోజనం ఉంటుంది.