బూసాన్‌లో బీచ్ ట్రైన్: పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళకి నా మాట

మా కోడలి పురుడు కోసం నేనూ, మా వియ్యపురాలూ దాదాపు మూడు నెలలు దక్షిణ కొరియాలోని బూసాన్‌లో ఉన్నాం. మాది శ్రీకాకుళం, వదినగారిది విజయనగరం. అబ్బాయి ఇంట్లో ఉన్న రోజు "మీరిద్దరూ కాస్త తిరిగి రండమ్మా" అని పంపేవాడు. చూసినవాటిలో మా ఇద్దరికీ బాగా నచ్చింది హేయుందే బ్లూలైన్ పార్కులోని బీచ్ ట్రైన్. పిల్లల దగ్గరికి వెళ్ళబోయే మన ఊరివాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నాను.

మెట్రో రెండో లైన్‌లో హేయుందేలో దిగి, బీచ్ వెంబడి నడిస్తే ఆ చివర మీపో వస్తుంది. బండి అక్కడ ఎక్కాలి. చంగ్‌సాపో మీదుగా సొంగ్‌జంగ్ దాకా 4.8 కిలోమీటర్లు, సుమారు అరగంట. ఒకప్పుడు మామూలు రైళ్ళు తిరిగిన లైనే ఇది. 2013లో రైళ్ళని వేరే దారికి మార్చేశాక, ఖాళీ అయిన ఆ దారిలోనే 2020లో ఈ చిన్న బండి వేశారు.

సీట్లన్నీ సముద్రం వైపే తిరిగి ఉంటాయి. రెండు వరసలు, వెనక వరస కాస్త ఎత్తు. ముందువాళ్ళ తలలు అడ్డురావు, మెడ తిప్పే పని లేదు. కింద నల్లటి రాళ్ళ మీద అల పగిలి తెల్లటి నురగ వెనక్కి జారడం కూడా కూర్చున్నచోటి నుంచే కనిపించింది. చంగ్‌సాపో రాగానే ఎర్రది ఒకటి, తెల్లది ఒకటి, జంట లైట్‌హౌసులు. "కళింగపట్నంలో ఒక్కటే కదండీ వదినగారూ, వీళ్ళకి రెండేటండీ!" అన్నారావిడ.

నాకు మాత్రం మా చిన్నప్పటి నౌపడా–గుణుపురం బండి గుర్తొచ్చింది. మా పుట్టిల్లు టెక్కలి. పర్లాకిమిడిలో పెళ్ళిళ్ళంటే ఆ చిన్న రైలులోనే ప్రయాణం. బ్రాడ్‌గేజ్ వేశాక అది పోయింది. మనమూ ఓ నాలుగైదు కిలోమీటర్ల పాత పట్టాలు ఉంచుకుని ఉంటే మా మనవరాలికి చూపించేదాన్ని కదా అని చాలా బాధనిపించింది.

పైన ఇంకో పట్టా మీద రంగురంగుల స్కై క్యాప్సూళ్ళు వెళతాయి. అవి మీపో నుంచి చంగ్‌సాపో దాకానే, ఒక్కోదానిలో నలుగురి వరకూ పడతారు. టికెట్ మనిషికి కాదు, క్యాప్సూల్‌కి. ఇద్దరే అయితే ఖర్చు ఎక్కువ. కుటుంబమంతా వెళితే సరే, మాలాంటివాళ్ళకి బండే మేలు. శని, ఆదివారాలు వద్దు. మామూలు రోజు పొద్దున్నే వెళ్ళండి.

సొంగ్‌జంగ్‌లో దిగి బీచ్‌లో తెచ్చుకున్న పులిహోర తిన్నాం. అక్కడి నుంచి టాక్సీలో హేడొంగ్ యొంగుంగ్సా అనే బౌద్ధాలయానికి వెళ్ళాం. మొదట 1376లో కట్టినది, తర్వాత మళ్ళీ కట్టారు, సముద్రపు రాళ్ళ మీదే ఉంది. 108 మెట్లు దిగాలి, మళ్ళీ ఎక్కాలి. వదినగారి మోకాళ్ళకి కష్టమై మూడుచోట్ల కూర్చున్నాం. మోకాళ్ళ నొప్పులుంటే ఇదీ బండీ ఒకే రోజు పెట్టుకోకండి.

తిరిగొచ్చే ముందు వారం మనవరాలిని తీసుకుని మళ్ళీ వెళ్ళాం. వదినగారు ఒళ్ళో పెట్టుకుని సముద్రం వైపు తిప్పి కూర్చోబెట్టారు. మీపో నుంచి సొంగ్‌జంగ్ దాకా హాయిగా నిద్రపోయింది.