శనక్కాయలు ఒలవడమా, మొక్కలు చూసుకోవడమా?

అనంతపురంలో మా పెద్దమ్మ ఉంటున్న వృద్ధుల ఇంట్లో పెద్దవాళ్లకు ఏ పని అప్పజెప్పాలన్నది ఎప్పుడూ వచ్చే ప్రశ్నే.

ఖర్చు: కాయలు వంటింటికి ఎలాగూ తెస్తారు. మొక్కలకైతే కుండీలు, ఎర్రమట్టి, ఎండాకాలంలో నీళ్లు కావాలి.

శ్రమ: ఒలవడం కూర్చుని చేసే పని. మొక్కలకు వంగాలి, కుండీలు బల్ల మీద పెడితే నయం.

రిస్క్: మింగడం కష్టమైనవాళ్లు పప్పు నోట్లో వేసుకుంటే గొంతుకు అడ్డం పడొచ్చు, పక్కన మనిషి ఉండాల్సిందే. బూజు పట్టిన కాయలు ముందే ఏరేయాలి. మొక్కల దగ్గర తడినేల మీద జారే భయం. మే నెలలో పొద్దున 8 లోపే ముగించాలి.

పెద్దమ్మకు మతిమరుపు. నా పేరు గుర్తుండదు. చాట ఒళ్లో పెడితే మాత్రం బొటనవేలితో కాయను టక్కున చిట్లించి, పప్పు ఒకవైపు, తొక్క ఒకవైపు వేస్తుంది. ఆ పప్పుతో ఊరుబిండి (శనక్కాయల పచ్చడి) నూరి పెడితే "నేనొలిచినవే" అంటుంది. ఆ మాట విన్నాక నా ఓటు చాటకే.

నలుగురిలో కబుర్లు కావాల్సినవాళ్లకు, చూపు మసకైనా చేతులు ఆడేవాళ్లకు కాయలు. బాగా నడవగలిగి, ఒకచోట కుదురుగా కూర్చోలేనివాళ్లకు మొక్కలు. వేళ్లు బిగుసుకుపోయినవాళ్లతో చిన్న చెంబుతో తులసికి నీళ్లు పోయిస్తే చాలు.