4096 బైట్లు ఒక్క ఫ్రేములో: ఎల్‌డీఐఆర్, ఎల్‌డీఐ వరుస, స్టాకు – ఏది మేలు?

జెడ్80 అనే 8-బిట్ ప్రాసెసరుకు అసెంబ్లీ (నేరుగా ప్రాసెసరు ఇన్‌స్ట్రక్షన్లలో రాసే కోడు) నేర్చుకునేవారు మొదట ఇష్టపడే ఇన్‌స్ట్రక్షన్లలో మెమరీలోని బైట్లను ఒక చోటి నుంచి మరో చోటికి కాపీ చేసే ఎల్‌డీఐఆర్ ఒకటి. ప్రాసెసరు లోపలి చిన్న నిల్వలైన రిజిస్టర్లలో, ఎక్కడి నుంచి అన్నది హెచ్‌ఎల్‌లో, ఎక్కడికి అన్నది డీఈలో, ఎన్ని బైట్లు అన్నది బీసీలో పెడితే చాలు. మిగతాదంతా ప్రాసెసరే చూసుకుంటుంది. కోడు రెండే రెండు బైట్లు. ఇంత పొందికైనది చేతిలో ఉండగా వేరే దారి ఎందుకు అనిపిస్తుంది. ఆట రాస్తూ, బొమ్మంతా ముందు బఫరులో గీసి, ఆ తర్వాత దాన్ని తెర మీదకు తేవాల్సి వచ్చినప్పుడు తెలుస్తుంది ఎందుకో. సమయం చాలదు.

ఎంత సమయం ఉందో ముందు లెక్క కడదాం. 1982లో వచ్చిన జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్ 48కే యంత్రంలో జెడ్80 నడిచేది 3.5 మెగాహెర్ట్జ్ వద్ద. ఒక ఫ్రేముకు, అంటే తెరను ఒకసారి గీసే వ్యవధికి, 69,888 టీ-స్టేట్లు (ప్రాసెసరు గడియారపు టిక్కులు) దొరుకుతాయి. తెర మెమరీ చుక్కలకు 6144 బైట్లు, రంగులకు 768. ఆ 6144 బైట్లు 2048 చొప్పున మూడు భాగాలుగా అమరి ఉంటాయి. అందుకే పై రెండు భాగాల్లో ఆట, కింది భాగంలో స్కోరు పెట్టుకోవడం ఈ యంత్రానికి సహజంగా నప్పే ఏర్పాటు. కాబట్టి 4096 బైట్లనే కొలతగా తీసుకుందాం. ఇవి ఒక ఫ్రేములో చేరిపోతే బొమ్మ సెకనుకు 50 సార్లు మారుతుంది. ఒక్క బైటు మిగిలిపోయినా, తెరతో కలిసి నడిచే ఆట 25కి పడిపోతుంది. మధ్యలో ఇంకో మెట్టు లేదు. ఆ తేడా ఆడేవారి కంటికి వెంటనే తెలుస్తుంది.

చేత్తో రాసిన మామూలు లూపు, అంటే ఒక బైటు చదివి, రాసి, రెండు చిరునామాలు పెంచి, బీసీ తగ్గించి, సున్నా అయిందా అని చూసేది, బైటుకు 50 టీ-స్టేట్లు తింటుంది. దాన్ని పోటీలోకి తీసుకోనక్కర్లేదు. ఎల్‌డీఐఆర్‌కు పట్టేది 21. ఇందులో 16 అసలు పనికి, మిగతా 5 ప్రోగ్రామ్ కౌంటరును రెండు వెనక్కి జరపడానికి. ఎందుకంటే ఎల్‌డీఐఆర్ ప్రతి బైటుకూ తనను తాను మళ్లీ మెమరీ నుంచి తెచ్చుకుంటుంది. ఆ వెనకడుగు వల్లే బైటుకూ బైటుకూ మధ్య ఇంటరప్టు (చేస్తున్న పని ఆపి వేరే రొటీనుకు వెళ్లమనే సంకేతం) వచ్చినా పని చెడదు. కానీ ఆ 5 టీ-స్టేట్లు ప్రతి బైటుకూ కట్టాల్సిందే, చివరి బైటు ఒక్కటి తప్ప.

ఎల్‌డీఐ అంటే ఆ వెనకడుగు లేని ఎల్‌డీఐఆర్. ఒక బైటు మోసి ఊరుకుంటుంది, 16 టీ-స్టేట్లు. పదహారు ఎల్‌డీఐలు వరుసగా రాసి, చివర జేపీ పీఈతో (పారిటీ ఫ్లాగు వెలిగి ఉంటేనే దూకే ఇన్‌స్ట్రక్షన్) పైకి దూకితే లూపు సిద్ధం. బీసీ ఇంకా సున్నా కాలేదంటే పారిటీ ఫ్లాగు వెలిగే ఉంటుంది కాబట్టి వేరే లెక్కింపు అక్కర్లేదు. ఆ దూకుడు ఖర్చు 10 టీ-స్టేట్లు పదహారు బైట్ల మీద పంచుకుంటే బైటుకు 16.6 పడుతుంది.

మూడోది స్టాకు, అంటే స్టాకు పాయింటరు అనే రిజిస్టరు చూపే చోట పుష్‌తో రాసి, పాప్‌తో చదివే మెమరీ. ఒక పాప్ 10 టీ-స్టేట్లలో రెండు బైట్లు చదువుతుంది, ఒక పుష్ 11లో రెండు బైట్లు రాస్తుంది. స్టాకు పాయింటరును మూలం మీద పెట్టి ఏఎఫ్, బీసీ, డీఈ, హెచ్‌ఎల్ నింపి, ఈఎక్స్‌ఎక్స్‌తో రెండో జట్టు రిజిస్టర్లకు మారి ఇంకో మూడు జతలు, ఆపై ఐఎక్స్ నింపాలి. ఇప్పుడు స్టాకు పాయింటరును గమ్యం చివరకు జరిపి, అన్నిటినీ తిరుగు వరుసలో పుష్ చేయాలి. పుష్ ముందు తగ్గించి తర్వాత రాస్తుంది కాబట్టి ఇవ్వాల్సిన చిరునామా గమ్యం మొదలుకు 16 కలిపినది. పదహారు బైట్లకు మొత్తం 204 టీ-స్టేట్లు.

| పద్ధతి | బైటుకు టీ-స్టేట్లు | 4096 బైట్లకు | కోడు పరిమాణం |
|---|---|---|---|
| ఎల్‌డీఐఆర్ | 21 | 86,011 | 2 బైట్లు |
| ఎల్‌డీఐ 16 వరుస | 16.6 | 68,096 | 35 బైట్లు |
| స్టాకు, పూర్తిగా విప్పినది (లూపు లేకుండా) | 12.75 | 52,224 | 6,656 బైట్లు |

ఎల్‌డీఐఆర్ ఫ్రేము దాటిపోయింది. ఎల్‌డీఐ వరుస సరిపోయింది కానీ మిగిలింది 1,792 టీ-స్టేట్లే. అందులో కీబోర్డు చదవడం, సంగీతం, శత్రువుల కదలిక ఏదీ పట్టదు. స్టాకు 17,664 మిగిల్చింది. ఆట అనే పదార్థం ఇమిడే చోటు అదే.

స్టాకు కోడు 6,656 బైట్లు అనగానే చాలామంది వెనకడుగు వేస్తారు. ఎల్‌డీఐని కూడా అదే తీరుగా పూర్తిగా విప్పి చూడండి: 4096 ఎల్‌డీఐలకు 8,192 బైట్ల కోడు, 65,536 టీ-స్టేట్లు. ఎక్కువ చోటు తిని కూడా నెమ్మదే. ఒకసారి మెమరీ ఖర్చుకు సిద్ధపడ్డాక ఎల్‌డీఐ వైపు వాదించడానికి ఏమీ మిగలదు. విప్పడం ఎక్కడ ఆపాలి అంటే నా మాట పదహారు దగ్గర. 32కి పెంచితే మొత్తం మీద 1,280 టీ-స్టేట్లే కలిసొస్తాయి.

ఐఎక్స్ గురించి ఒక మాట. దాని పాప్ 14, పుష్ 15, అంటే మిగతా జతల కన్నా ఖరీదు. దాన్ని వదిలేసి 14 బైట్ల ముక్కలు చేస్తే బైటుకు 12.5కి దిగుతుంది కూడా. అయినా పదహారే మేలు: స్పెక్ట్రమ్ తెరలో ఒక గీత 32 బైట్లు, రెండు ముక్కల్లో చక్కగా పూర్తవుతుంది. పద్నాలుగుతో ప్రతి గీతా తెగుతుంది.

పట్టికలో కనపడని లాభం ఒకటి స్టాకు పద్ధతికి ఉంది, నాకు అన్నిటికన్నా నచ్చేది అదే. స్పెక్ట్రమ్ తెర గీతలు మెమరీలో వరుసగా ఉండవు; ఒక గీత కింద ఉండే గీత ఎక్కువగా 256 బైట్ల అవతల ఉంటుంది. బఫరును వరుసగా ఉంచుకుంటే గీయడం సులువు. కానీ ఎల్‌డీఐతో మోసేటప్పుడు ప్రతి గీతకూ డీఈని మళ్లీ నింపాలి. స్టాకు పద్ధతిలో ప్రతి ముక్కకూ తన గమ్యం చిరునామా కోడులోనే రాసి ఉంటుంది. గీతలు ఎలా చెదిరి ఉన్నా అదనంగా ఒక్క టీ-స్టేటు కూడా పడదు.

ఇక ప్రమాదం. స్టాకు పాయింటరు బొమ్మ మీద ఉండగా ఇంటరప్టు వస్తే తిరుగు చిరునామా ఆ బొమ్మలోకే వెళ్లి పడుతుంది. చదివే దశలో వస్తే అప్పటికే చదివేసిన మూలం బైట్లు చెడతాయి. రాసే దశలో వస్తే చెడిన చోట తర్వాతి పుష్‌లు మళ్లీ రాస్తాయి, కానీ ముక్క చివర వస్తే గమ్యానికి కింద ఉన్న బైట్లు పోతాయి. రామ్‌లోని హ్యాండ్లరు ఎన్ని రిజిస్టర్లు దాచుకుంటే నష్టం అంత. అందుకే ముందు డీఐ, అంటే ఇంటరప్టులను ఆపే ఇన్‌స్ట్రక్షన్. కానీ ఇంటరప్టులు ఫ్రేమును మించి ఆపితే స్పెక్ట్రమ్‌లో ఒకటి పూర్తిగా తప్పిపోతుంది, ఎందుకంటే ఆ సంకేతం 32 టీ-స్టేట్లు మాత్రమే నిలిచి వెళ్లిపోతుంది. సంగీతం తడబడేది అక్కడే. హాల్ట్ (ఇంటరప్టు వచ్చేదాకా ప్రాసెసరును ఆపే ఇన్‌స్ట్రక్షన్) చేసి, ఇంటరప్టు వచ్చి వెళ్లగానే కాపీ మొదలుపెట్టడం సరైన పద్ధతి. తర్వాతి ఇంటరప్టు లోపే పని పూర్తవుతుంది.

బేసిక్ నుంచి పిలిచే రొటీను అయితే ఇంకో జాగ్రత్త. ఈఎక్స్‌ఎక్స్ అవతలి హెచ్‌ఎల్‌లో 10072 ఉండాలి, ఐవైలో 23610 ఉండాలి. తిరిగి వెళ్లేటప్పుడు ఇవి మారి ఉంటే బేసిక్ కుప్పకూలుతుంది. ఎల్‌డీఐ వరుస వీటిలో దేన్నీ తాకదు.

పై అంకెలన్నీ ఆటంకం లేని మెమరీకి చెందినవి. 16384 నుంచి 32767 వరకు ఉన్న రామ్‌ను వీడియో చిప్ కూడా వాడుకుంటుంది. అది తెర గీస్తున్నప్పుడు ప్రాసెసరును ఆపుతుంది. ఇక్కడ ఎల్‌డీఐఆర్‌కు దెబ్బ మీద దెబ్బ: వెనకడుగు వేసే ఆ 5 టీ-స్టేట్లలో కూడా చిరునామా తీగల (బస్సు) మీద గమ్యం చిరునామాయే ఉంటుంది కాబట్టి, అది తెర చిరునామా అయితే వాటిలోనూ ఆగాల్సి వస్తుంది. పుష్ మాత్రం తెరను రాసే రెండు క్షణాల్లోనే తాకుతుంది. కోడు, బఫరు రెండూ 32768 పైన పెట్టుకోండి. ఇంటరప్టు తర్వాత సుమారు 14,300 టీ-స్టేట్ల దాకా పై అంచే గీస్తుంది కాబట్టి ఆటంకం ఉండదు. ఆ వ్యవధిలో స్టాకు పద్ధతి 70 ముక్కల దాకా దించేస్తుంది.

ఇదే జెడ్80 వేరే యంత్రాల్లో వేరేగా ప్రవర్తిస్తుంది. ఆమ్‌స్ట్రాడ్ సీపీసీలో ప్రతి ఇన్‌స్ట్రక్షన్ పూర్తి మైక్రోసెకన్లకు పెరిగి సర్దుకుంటుంది: ఎల్‌డీఐఆర్ 6, ఎల్‌డీఐ 5, పాప్ 3, పుష్ 4. ఎల్‌డీఐ లాభమూ, స్టాకు లాభమూ రెండూ అక్కడ తగ్గుతాయి. కానీ సెకనుకు 300 ఇంటరప్టులు, అంటే 3.3 మిల్లీసెకన్లకు ఒకటి. హాల్ట్ ఉపాయం అక్కడ చాలదు, డీఐ తప్పనిసరి. ఎంఎస్‌ఎక్స్‌లో తెర మెమరీ వీడియో చిప్ దగ్గరే ఉంటుంది, పోర్టు ద్వారా పంపాలి కాబట్టి స్టాకుతో తెరకు రాయడం అసలు కుదరదు.

6502 అనే మరో ప్రాసెసరులో అయితే మోయడానికంటూ ప్రత్యేక ఇన్‌స్ట్రక్షన్ ఏదీ లేదు. ఎక్స్‌తో సూచించే మామూలు లూపుకు బైటుకు 14 సైకిళ్లు. ఆ కుటుంబపు ప్రాసెసరే ఉన్న కమడోర్ 64 తెర 1000 అక్షరాలు. దాన్ని 250 చొప్పున నాలుగు ముక్కలు చేసి, ఒకే లూపులో నాలుగు చదవడాలు, నాలుగు రాయడాలు పెడితే బైటుకు 10.25, మొత్తం 10,250 సైకిళ్లు. పాల్ (యూరప్ టీవీ ప్రమాణం) యంత్రంలో ఫ్రేము 19,656. పూర్తిగా విప్పితే 8,000కు దిగుతుంది, కానీ కోడు 6,000 బైట్లు. స్పెక్ట్రమ్‌లో అంత మెమరీ ఖర్చును సమర్థించాను; ఇక్కడ సమర్థించను. నాలుగు ముక్కల లూపు ఎలాగూ ఫ్రేములో ఇమిడిపోతోంది, మిగిలే 22 శాతం మరీ అవసరమైతే తప్ప ఆరు కిలోబైట్లు ఇవ్వకూడదు.

ఎప్పుడు ఏది అంటే: కొద్దిపాటి బైట్లకు ఎల్‌డీఐఆరే. ఎల్‌డీఐ వరుస బైటుకు 4.4 టీ-స్టేట్లు మిగులుస్తుంది; మిగులు సంఖ్యకు సరిపడా వరుస మధ్యలోకి దూకే లెక్కకు 65 పోతాయనుకుంటే మొదటి 15 బైట్లు దానికే చెల్లు. పరిమాణం ముందుగా తెలియని పెద్ద బ్లాకులకు ఎల్‌డీఐ వరుస. స్టాకు మాత్రం చోటూ పరిమాణమూ ఎప్పటికీ మారని, ప్రతి ఫ్రేమూ జరిగే పనికే. గమ్యం మూలం మీదకే, కాస్త పైకి జరిగి పడుతుంటే ఈ మూడూ కాక వెనక నుంచి మోసే ఎల్‌డీడీఆర్ తీసుకోవాలి.

కాపీయే అక్కర్లేని దారి ఉంటే అదే ముందు. స్పెక్ట్రమ్ 128లో రెండో తెర 7వ బ్యాంకులో ఉంది. 32765 పోర్టుకు ఒక్క బైటు పంపితే తెర మారిపోతుంది. కమడోర్‌లో 53272 రిజిస్టరు అదే పని చేస్తుంది, కానీ 55296 నుంచి ఉన్న రంగుల మెమరీ కదలదు కాబట్టి రంగులు జరపాలంటే అక్కడ మళ్లీ నాలుగు ముక్కల లూపే. తెరలు మార్చుకునే పద్ధతిలో మీరు గీయబోయేది రెండు ఫ్రేముల కిందటి బొమ్మ మీద అని గుర్తుంచుకోవాలి. చెరపాల్సిన పాత స్థానాలను ఒక్కో తెరకూ విడిగా దాచుకోవాలి.