తొమ్మిదేళ్లుగా వాడుతున్న మాట: ‘అగుంతన్’

నైజీరియాలోని లాగోస్‌లో లెక్కలు రాసుకుంటూ తొమ్మిదేళ్లు గడిపాను. ఈలోగా మూడు ఇళ్లు, నాలుగు ఫోనులు మారాయి. వచ్చిన మొదటి వారం ఇక్కడి భాష యొరూబాలో నేర్చుకున్న ఒక మాట మాత్రం ఇంకా చెల్లుతోంది. అగుంతన్, అంటే గొర్రె. మా గేటు నీడన పడుకునే గొర్రెలను గురించి కాపలాదారుతో గొడవ పడటానికి నేర్చుకున్న మాట అది.

ముందు ఉచ్చారణ సంగతి. రాతలో రెండు నకారాలున్నాయి, నోట్లో ఒక్కటీ పలకదు. అక్కడ అచ్చు ముక్కులోంచి వస్తుంది, అంతే. అరసున్న చదివిన తెలుగువాడికి ఇది పెద్ద కష్టం కాదు: అగుఁతఁ. కొందరు మధ్యలో ఆ ముక్కు పలుకు కూడా లేకుండా అగుతఁ అంటారు. పాత యొరూబా బైబిలులోనూ గొర్రెపిల్ల ‘ఓడో-అగుతన్’గానే కనిపిస్తుంది. యొరూబాలో ఎగువ, నడిమి, దిగువ అని మూడు స్వరస్థాయిలు. ఈ మాటలో మూడు అక్షరాలూ దిగువనే, కాబట్టి గొంతు దించి నింపాదిగా అంటే చాలు. కొత్తగా నేర్చుకునేవారికి ఇంతకంటే మంచి మాట దొరకదు.

అసలు ప్రమాదం మగదానితో. మనకు గొర్రె, పొట్టేలు వేరైనట్టే వీరికి అగుంతన్, అగ్బో వేరు. ఆ ‘గ్బ’లో గ, బ రెండూ ఒకేసారి పలకాలి. అది అలవాటు కావడానికే నాకు ఏడాది పట్టింది. తీరా అలవాటయ్యాక స్వరం దగ్గర దెబ్బతిన్నాను. రెండక్షరాలూ దిగువన పలికితే పొట్టేలు, రెండూ నడిమిలో ఉంటే మంద, మొదటిది దిగువ, రెండోది నడిమి అయితే మూలికల కషాయం! బక్రీదును ఇక్కడ ఇలేయా అంటారు. ఒక ఇలేయాకు ముందు పొట్టేళ్ల సంత చూడాలని సహోద్యోగితో అగ్బో కావాలన్నాను. నా ముఖం ఒకసారి పరీక్షగా చూసి, జాలిగా తీసుకెళ్లి రోడ్డు పక్కన సీసాలమ్మే ఆవిడ ముందు నిలబెట్టాడు. ఆవిడ ఇచ్చింది అగ్బో జేది, మొలల మందు.

సంతకు మర్నాడు వెళ్లాం. ఉత్తరాది నుంచి లారీల్లో వచ్చిన మూడు జాతుల పొట్టేళ్లు: తెల్లటి బలామీ, ముందు సగం నల్లగా వెనక సగం తెల్లగా ఉండే ఊదా, కళ్ల చుట్టూ కాటుక పెట్టినట్టున్న యంకాసా. అమ్మేవారు హౌసావాళ్లు, వాళ్ల భాషలో పొట్టేలు రాగో, ఆడ గొర్రె తుంకియా. హౌసాది వేరే భాషా కుటుంబం, కాబట్టి మాట కలవలేదని ఫిర్యాదు లేదు.

ఈ మాట ఎంత దూరం పనిచేస్తుంది? ఇబాదన్‌లో, ఇజెబు-ఓడేలో ఇబ్బంది లేదు. సరిహద్దు దాటి బెనిన్ దేశంలోని కేటూకు వెళ్లినా అర్థం చేసుకున్నారు, అదీ పాత యొరూబా ఊరే. నిరాశపరిచింది చుట్టపు భాషలే. అదే దేశంలోని కొటొనూలో ఫాన్ భాష వాళ్లు గొర్రెను లెంగ్బో అంటారు. ఆ చివరి గ్బో మన అగ్బోకు బంధువేమోనని ఆశపడ్డాను, తీరా ఫాన్‌లో గ్బో అంటే మేకట. నైజీరియాలోని బెనిన్ సిటీకి వెళితే ఎదో భాషలో ఒహువాన్, నైజర్ నది దాటితే ఇగ్బోలో అతురు. కన్నడ కురిలో మన గొర్రె పోలిక వెంటనే పట్టుకోవచ్చు. ఇక్కడ ఆ సుఖం లేదు.

సామెతల్లో మాత్రం ఈ మాటకు నూటికి నూరు వేస్తాను. కుక్కతో తిరిగే గొర్రె పెంట తింటుందన్నది మా కాపలాదారుకు ఇష్టమైన సామెత, ముఖ్యంగా నా స్నేహితులు వచ్చి వెళ్లాక. వెనక్కి తగ్గిన పొట్టేలు బలం తెచ్చుకోవడానికే వెళ్లిందన్న ఇంకో సామెతను నేను బేరాల్లో వాడతాను. రెండడుగులు వెనక్కి వేసి మరీ వాడతాను. ధర తగ్గదు కానీ నవ్వుతారు.

మొత్తం మీద ఐదుకు నాలుగు. తగ్గించిన ఒకటి అగ్బో ఖాతాలోది. ఆ సీసా ఇంకా మా వంటింటి అరలోనే ఉంది, మూత తీయలేదు.