దెబ్బతిన్న కార్బన్ సైకిల్: నడపొచ్చా, రిపేర్ చేయించాలా, మార్చేయాలా?

పడిపోయిన సైకిల్‌ను లేపగానే ఎక్కువమంది గీతలు వెతుకుతారు. గీత పెద్దగా ఉంటే గుండె గుభేల్‌మంటుంది, చిన్నగా ఉంటే ఊపిరి పీల్చుకుంటారు. నేనైతే దాని సైజు తర్వాత చూడమంటాను, ముందు అది ఏ భాగం మీద ఉందో చూడండి. సీటు కిందనుంచి వెనక చక్రం దాకా దిగే సన్న గొట్టం, అంటే సీట్‌స్టే, విరిగితే సైకిల్ ఊగుతుంది, చప్పుడు చేస్తుంది, చాలాసార్లు బ్రేకు వేసి దిగేంత టైమ్ దొరుకుతుంది. ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్క్ పైభాగంలో, హ్యాండిల్‌కు కలిసే స్టీరర్ ట్యూబ్ విరిగితే మాత్రం ముందు చక్రం మీద మీకు పట్టే ఉండదు, మొహం నేరుగా రోడ్డుకు తగులుతుంది. పగులు రెండుచోట్లా వేలి గోరంతే ఉండొచ్చు, నిర్ణయం మాత్రం ఒకటి కాదు.

కార్బన్‌తో చిక్కేమిటంటే అది దెబ్బను చూపించదు. స్టీలు వంగుతుంది, అల్యూమినియం సొట్టపడుతుంది, రెండూ కంటికి తెలుస్తాయి. ఫ్రేమ్‌లోని కార్బన్ ట్యూబ్, అంటే గొట్టం, సన్నటి కార్బన్ పోగుల్ని రకరకాల కోణాల్లో పొరలుగా పేర్చి ఎపాక్సీ అనే జిగురుతో గట్టిపరిచినది. పోగు పొడవునా లాగితే అంత తేలిగ్గా తెగదు గానీ, పక్కనుంచి రాయో, తిరిగిపోయిన హ్యాండిల్‌బారో గుద్దితే పైపొర లోపలికి వంగి మళ్లీ యథాస్థానానికి వచ్చేస్తుంది, కింద పొరలు మాత్రం ఒకదాన్నుంచి ఒకటి విడిపోతాయి. బయట చిన్న మచ్చ, లోపల వేలెడు వెడల్పున ఊడిపోయిన పొరలు, ఇది అరుదైన సంగతేమీ కాదు. విమానాలు తయారుచేసేవాళ్లు ఇలా కంటికి ఆనీ ఆనని దెబ్బల్ని డిజైన్ దశలోనే లెక్కలోకి తీసుకుంటారు.

అలాగని కార్బన్ గాజు కూడా కాదు. గీత కనపడగానే ఫ్రేమ్ పారేసేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. అందుకే ముందు తేల్చాల్సింది అది పెయింట్ పగులా, కార్బన్ పగులా అన్నది. సైకిల్‌ను శుభ్రంగా కడిగి, ఆరబెట్టి, మంచి వెలుతురులో చూడండి. పెయింట్ లేచిపోయి కింద నల్లటి కార్బన్ నున్నగా, చెక్కుచెదరకుండా ఉంటే, దాని మీద గోరు ఎక్కడా పట్టకుండా జారిపోతే, చాలావరకు అది పైపై గాయమే. ఎండ ఎపాక్సీని పాడుచేస్తుంది కాబట్టి అక్కడ కాస్త టచప్ పెయింటో క్లియర్ కోటో వేసి నడుపుకోండి. గోరు పగుల్లోకి దిగుతున్నా, దూదితో తుడిస్తే పోగులకు పట్టుకుంటున్నా, గీత ట్యూబ్ చుట్టూ తిరుగుతున్నా, బొటనవేలితో నొక్కితే ఆ చోటు మెత్తగా ఉన్నా కిర్రుమన్నా అది పెయింట్ కాదు. ఇంకో చిట్కా, అక్కడ కాస్త ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పూసి ఆరనివ్వండి. చుట్టుపక్కల ఆరిపోయాక కూడా పగులు లోపల తడి మిగిలి సన్నటి గీతలా కనిపిస్తుంది. ఇది పగులు ఎక్కడిదాకా ఉందో చూపిస్తుంది తప్ప ఎంత లోతుకు దిగిందో చెప్పదు.

తర్వాత అందరూ చెప్పే నాణెం పరీక్ష. నాణెం అంచుతో మెల్లగా తడుతూ పోతే బాగున్న చోట టక్‌టక్‌మని స్పష్టంగా, పొరలు విడిన చోట బొదబొదమని మొద్దుగా శబ్దం వస్తుంది. పనికొచ్చేదే, కానీ దాన్ని మరీ నమ్మేస్తున్నారు. ట్యూబ్ మందం మారేచోట, జాయింట్ల దగ్గర, లోపల అల్యూమినియం ముక్క అతికించి ఉన్నచోట మంచి కార్బన్ కూడా శబ్దం మారుస్తుంది. అందుకే ఎడమ చైన్‌స్టేని (పెడళ్ల దగ్గర్నుంచి వెనక చక్రం దాకా వెళ్లే గొట్టం) తట్టి, కుడి చైన్‌స్టేలో సరిగ్గా అదే చోట తట్టి పోల్చుకోవాలి. నాణెం అనుమానాన్ని పెంచగలదు, పూర్తిగా తీర్చలేదు. అల్ట్రాసౌండ్ పరీక్ష లోపల పొరలు ఎక్కడ విడిపోయాయో, ఎంతమేర విడిపోయాయో చూపిస్తుంది, అయితే దానికి కార్బన్ తెలిసిన మనిషి కావాలి, ఖర్చూ ఉంటుంది. రెండింట్లో ఏది మేలంటే, పార్కింగ్‌లో నిలబెట్టిన సైకిల్ పక్కకు ఒరిగి పడితే ఇంటి పరీక్ష చాలు. వేగంలో పడినా, కారు గుద్దినా, హ్యాండిల్‌బార్ గిర్రున తిరిగి ఫ్రేమ్ పై గొట్టానికి, అంటే టాప్ ట్యూబ్‌కు, కొట్టుకున్నా అల్ట్రాసౌండ్‌కే వెళ్లండి. ఆ హ్యాండిల్‌బార్ దెబ్బను చాలామంది చూసుకోరు. తేలికపాటి ఫ్రేముల్లో టాప్ ట్యూబ్ గోడ చాలా పల్చగా ఉంటుంది కాబట్టి ముందు అక్కడే వెతకండి.

ఇక అసలు ప్రశ్న, రిపేరా, మార్చడమా. ఫ్రేమ్ ట్యూబుల విషయంలో నేను గట్టిగా రిపేర్ పక్షమే. టాప్ ట్యూబ్, దాని కింద ఏటవాలుగా పెడళ్ల వైపు దిగే డౌన్ ట్యూబ్, సీట్‌స్టే, చైన్‌స్టే, వీటిలో పగులును తెలిసినవాళ్లు బాగుచేస్తే ఆ చోటు మళ్లీ నమ్మకంగా బరువు మోస్తుంది. పాడైన కార్బన్‌ను పూర్తిగా తీసేసి, చుట్టూ ఏటవాలుగా అరగదీసి, పాత పొరలు ఏ కోణంలో ఉన్నాయో అదే కోణంలో కొత్త పొరలు పేర్చి, ఒత్తిడి పెట్టి గట్టిపడనిస్తారు. కాస్త బరువు పెరుగుతుంది, అంతే. పగులు మీద సూపర్ గ్లూ పోయడం, బయటనుంచి ఓ గుడ్డ చుట్టి ఎపాక్సీ పూయడం రిపేర్ కింద రావు, అవి పగులును కప్పిపెడతాయి, ఆ తర్వాత అది పెరుగుతున్నా కనపడదు. ఇంట్లోనే అరగదీద్దామనుకునేవాళ్లకు ఒక మాట, కార్బన్ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు, మాస్క్ లేకుండా ముట్టుకోకండి.

రిపేర్‌కూ హద్దులున్నాయి. పెడళ్ల ఇరుసు కూర్చునే బాటమ్ బ్రాకెట్ గూడు, స్టీరర్ దూరే హెడ్ ట్యూబ్, వెనక చక్రం బిగించే డ్రాపౌట్లు, వీటిలో ఆకారం వంకరటింకరగా ఉంటుంది, బేరింగు కూర్చునే కొలత వెంట్రుకవాసి తేడా వచ్చినా పని చెడుతుంది. కాబట్టి అక్కడ ఖర్చు పెరుగుతుంది, కొన్నిసార్లు చేయనంటారు కూడా. రిపేర్ చేయిస్తే తయారీదారు వారంటీ సాధారణంగా పోతుంది. కాబట్టి సైకిల్ మీరే కొత్తగా కొన్నదైతే రిపేర్ షాపుకు ముందే కంపెనీని అడగండి. పడి పాడైన ఫ్రేముకు బదులు తగ్గింపు ధరకు కొత్తది ఇచ్చే పథకం చాలా కంపెనీలకు ఉంది, అది మామూలుగా మొదటి యజమానికే వర్తిస్తుంది. ఆ ధర రిపేర్ ఖర్చుకు దగ్గరగా ఉంటే కొత్తదే తీసుకోండి.

ఫోర్క్, స్టీరర్, హ్యాండిల్‌బార్, దాన్ని స్టీరర్‌కు కలిపే స్టెమ్, సీటును మోసే సీట్‌పోస్ట్ దగ్గరికి వచ్చేసరికి నా దగ్గర బేరం లేదు. పగులుందని తేలితే మార్చేయడమే, గట్టి దెబ్బ తిన్నాక బాగుందని తేల్చుకోలేకపోయినా మార్చేయడమే. అనుభవమున్న రిపేర్ చేసేవాళ్లు కూడా చాలామంది స్టీరర్‌నూ హ్యాండిల్‌బార్‌నూ ముట్టుకోరు. 2006లో ఫ్రాన్స్‌లో జరిగిన పారిస్–రూబే సైకిల్ రేసులో అమెరికన్ రేసర్ జార్జ్ హింకాపీ సైకిల్ స్టీరర్ రాళ్ల రోడ్డు మీద విరిగి, హ్యాండిల్ ఊడి చేతికొచ్చి, ఆయన పడిపోయాడు. అదే రేసులో అంతకుముందు ఒకసారి పడ్డాడు. ఆ స్టీరర్ కార్బన్ కూడా కాదు, అల్యూమినియం. ముందు దెబ్బ తగిలి, కాసేపు బాగానే నడిచి, తర్వాత ఒక్కసారిగా విరగడం ఏ లోహంతోనైనా, ఏ కార్బన్‌తోనైనా జరుగుతుంది. 'పడ్డాక కూడా కొంతదూరం తొక్కాను, ఏం కాలేదు' అన్నది సాక్ష్యం కాదు.

ఈ భాగాల్ని చూడటానికి పైపైన తుడిస్తే చాలదు. ఫోర్క్ బయటకు తీసి స్టీరర్ కింది భాగం, స్టెమ్ బిగించిన చోటు చూడాలి. హ్యాండిల్‌బార్ మీది టేపు విప్పాలి. పడినప్పుడు బ్రేక్ లీవరు పక్కకు తిరిగితే దాని క్లాంపు అంచు బార్‌లోకి దిగి గాటు పెడుతుంది, టేపు కింద అది ఎవరికీ కనపడదు. సీట్‌పోస్ట్ పగుళ్లకు చాలావరకు కారణం పడటం కూడా కాదు, అతిగా బిగించడం. చాలా సీట్‌పోస్ట్ క్లాంపులకు 5 న్యూటన్ మీటర్ల (బోల్టును తిప్పే బలానికి కొలత) దగ్గర్లోనే పరిమితి ఉంటుంది, చేత్తో అందాజుగా బిగిస్తే అది సులువుగా దాటిపోతుంది. ఎంత బలంతో బిగిస్తున్నారో చూపించే టార్క్ రెంచ్ కొనండి, సీట్‌పోస్ట్ జారుతోంటే పట్టు పెంచే కార్బన్ పేస్ట్ రాయండి.

చక్రాల రిమ్ముల మీద ఎక్కువ చెప్పేదేం లేదు. గుంటలో గట్టిగా పడ్డాక అంచు పగిలినా, స్పోక్ రంధ్రం దగ్గర గీత వచ్చినా, ట్యూబ్‌లెస్ టైరు కారణం లేకుండా గాలి వదులుతున్నా, రిమ్ బ్రేక్ ఉన్నవాటిలో బ్రేకు పట్టే చోట ఉబ్బు కనపడినా ఆ చక్రం తీసి పక్కన పెట్టండి.

మిగిలింది 'కాస్త కనిపెట్టుకుంటూ నడుపుదాం' అనే మధ్య దారి. దీన్ని పూర్తిగా కొట్టిపారేయను, కానీ ఒక్కచోటే ఒప్పుకుంటాను. ఫ్రేమ్ ట్యూబ్ మీద పెయింట్ పగులే అనిపించి, నొక్కితే గట్టిగా, తడితే స్పష్టంగా ఉన్నప్పుడు. అప్పుడు గీత రెండు కొసల దగ్గరా సన్న పెన్నుతో గుర్తు పెట్టి, తేదీ రాసి, అదే వెలుతురులో ఫోటో తీసుకోండి. ప్రతి రైడ్ తర్వాత చూడండి. గీత ఆ గుర్తు దాటితే, కొత్తగా టిక్కుమనే శబ్దం మొదలైతే, లేదా మలుపుల్లో సైకిల్ మునుపటికన్నా వదులుగా అనిపిస్తే అక్కడే దిగి, మిగిలిన దూరం ఇంకేదైనా బండిలో వెళ్లండి. పరీక్షకు తీసుకెళ్లినప్పుడు ఆ ఫోటోలతోపాటు ఎలా పడ్డారో, ఏ వైపు నేలకు తగిలిందో దాచకుండా చెప్పండి. ఎక్కడ ఎక్కువసేపు వెతకాలో వాళ్లకు దాన్నిబట్టే తెలుస్తుంది.