దుబాయ్ యార్డులో సెకండ్ హ్యాండ్ బండి, 16 లక్షలకే ఇంటికి అంటే అడ్వాన్స్ ఇవ్వకండి

ఒడిశాలో బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు ఉన్న మన తెలుగువాళ్ళంతా ఇది ఒక్కసారి పూర్తిగా చదవండి. నాకు 2 లక్షల 60 వేలు పోయాయి. ఆ డబ్బు తీసుకున్న బ్రోకరే ఇప్పుడు పర్లాకిమిడిలో ఇంకో ఇద్దరితో బేరం మాట్లాడుతున్నాడని విన్నాక ఉండబట్టలేక రాస్తున్నాను.

నేను బరంపురం నుంచి తప్తపాణి, దారింగ్‌బాడికి టూరిస్టు బండ్లు తిప్పుతాను. ఘాట్ రోడ్డుకి గట్టి బండి కావాలని చాలాకాలంగా చూస్తున్నాను. తెలిసినవాళ్ళ ద్వారా పరిచయమైన బ్రోకరు ఒకడు ఫోటోలు చూపించాడు. టయోటా ప్రాడో, 2023 మోడల్, జపాన్ నుంచి దుబాయ్ యార్డుకి వచ్చింది, రైట్ హ్యాండ్ స్టీరింగే. "అన్నా, మన గోపాల్‌పూర్ పోర్టులోనే దించేస్తాను, అన్నీ కలిపి 16 లక్షలు" అన్నాడు. బుకింగ్‌కని 60 వేలు, షిప్పింగ్‌కని లక్ష, కస్టమ్స్ ఏజెంటుకని ఇంకో లక్ష, మూడుసార్లూ ఫోన్‌లోనే పంపాను. రసీదు అడిగితే వాట్సాప్‌లో ఒక బిల్లు ఫోటో పెట్టాడు.

మా బావమరిది షార్జాలో ఏసీ మెకానిక్. డబ్బు పంపాక గానీ వాణ్ణి యార్డుకి వెళ్ళి చూడమనలేదు, అదే నేను చేసిన పెద్ద తప్పు. వాడు వెళ్ళి డ్రైవర్ సీటు బెల్టు మొత్తం బయటికి లాగాడు. కింది చివర కుట్టిన చిన్న గుడ్డ చీటీ ఉంటుంది, దాని మీద ఆ బెల్టు తయారైన తేదీ వేసి ఉంటుంది. ఫోటో తీసి పంపాడు. 2017. ఒక బెల్టు ఎప్పుడైనా మార్చి ఉంటారేమోనని మిగతావి కూడా తీయమన్నాను. వెనక సీటువీ, ముందువీ, అన్నీ 2017వే. నా దగ్గరున్న బిల్లులో మాత్రం 2023 అని ఉంది.

ఇక్కడే అసలు సంగతి ఉంది. మన దేశంలోకి పాత కారు తేవాలంటే అది తయారై మూడేళ్ళు దాటకూడదు. రిజిస్ట్రేషన్ తేదీ కాదు, తయారైన తేదీ. స్టీరింగ్ కుడివైపే ఉండాలి. దుబాయ్, కువైట్, సౌదీ రోడ్ల మీద తిరిగే బండ్లకు స్టీరింగ్ ఎడమవైపు ఉంటుంది కాబట్టి అక్కడ మనవాళ్ళు వాడుకున్న కారు ఎంత బాగున్నా ఇక్కడికి రాదు. స్పీడోమీటరు కిలోమీటర్లలో ఉండాలి. కనీసం ఇంకో ఐదేళ్ళు రోడ్డు మీద తిరగగలిగే స్థితిలో ఉండాలి. ఓడ ఎక్కించే ముందు అక్కడ ఒక పరీక్ష సర్టిఫికెట్, ఇక్కడికి వచ్చాక పుణేలోని ఏఆర్ఏఐ లాంటి సంస్థలో మళ్ళీ పరీక్ష. వాడిన కార్లు దిగాల్సింది ముంబై పోర్టులోనే. గోపాల్‌పూర్‌లోనూ కుదరదు, విశాఖలోనూ కుదరదు. గోపాల్‌పూర్ పేరు చెప్పినప్పుడే నేను లేచి వచ్చేయాల్సింది. మన ఊరి పోర్టు కదా అని ఇంకా నమ్మకం కలిగింది నాకు.

ఇప్పుడు లెక్క చెప్తాను, దయచేసి కాగితం మీద వేసుకోండి. యార్డులో 9 లక్షలకే కొన్నాం, దాని మీదే పన్ను అని బ్రోకర్లు చెప్తారు. కస్టమ్స్ వాళ్ళు ఆ బిల్లు పట్టుకోరు. బండి కొత్తగా ఉన్నప్పటి ధర తీసుకుంటారు. అందులో మొదటి ఏడాది ప్రతి మూడు నెలలకూ 4 శాతం, రెండో ఏడాది 3 శాతం, మూడో ఏడాది రెండున్నర శాతం తగ్గిస్తారు. అంటే మూడేళ్ళు నిండేసరికి తగ్గేది 38 శాతమే. కొత్తది 30 లక్షల బండి అనుకోండి, 18 లక్షల 60 వేలు అవుతుంది. ఓడ కిరాయి, ఇన్సూరెన్సు కలిపి 20 లక్షలు వేసుకుందాం. దాని మీద సుంకం 137.5 శాతం. 2025 బడ్జెట్‌లో దీన్ని 70 శాతం బేసిక్ డ్యూటీ, 67.5 శాతం వ్యవసాయ సెస్సుగా విడగొట్టారు. "ఇప్పుడు డ్యూటీ 70కి తగ్గిపోయింది" అని బ్రోకర్లు చెప్పేది సగం మాటే, మొత్తం మారలేదు. ఇరవైకి సుంకం ఇరవై ఏడున్నర, కలిపితే నలభై ఏడున్నర లక్షలు. ఆ మొత్తం మీద పెద్ద బండ్లకు జీఎస్టీ 40 శాతం, ఇంకో 19 లక్షలు. అరవై ఆరున్నర లక్షలు పోర్టు గేటు దగ్గరే! ముంబై నుంచి తెచ్చుకునే ఖర్చు, రోడ్డు ట్యాక్సు దీని తర్వాత.

కాగితాలు ఆలస్యమైతే అదో బాధ. బిల్ ఆఫ్ ఎంట్రీ, అంటే దిగుమతి వివరాలతో కస్టమ్స్‌కి ఇచ్చే కాగితం, సమయానికి వేయకపోతే మొదటి మూడు రోజులు రోజుకి 5,000, ఆ తర్వాత రోజుకి 10,000 కట్టాలి. పోర్టులో స్థలం అద్దె వేరే. 30 రోజుల్లో విడిపించుకోకపోతే వేలం వేసే అధికారం కూడా వాళ్ళకుంది.

"సుంకం సంగతి మేం చూసుకున్నాం, బండి ఇప్పటికే మన దేశంలో రిజిస్టరై ఉంది" అని ఇంకో రకం వాళ్ళు వస్తారు. వాళ్ళతో ఇంకా జాగ్రత్త. 2025 సెప్టెంబరులో కేరళలో కస్టమ్స్ వాళ్ళు ఆపరేషన్ నుమ్‌ఖోర్ అని దాడులు చేసి, భూటాన్ నుంచి దొంగగా తెచ్చి నకిలీ కాగితాలతో రిజిస్టర్ చేయించారన్న అనుమానంతో చాలా బండ్లు పట్టుకెళ్ళారు. అమ్మినవాడు డబ్బు తీసుకుని వెళ్ళిపోయుంటాడు. బండి మన ఇంటి ముందు ఉంటుంది కాబట్టి పట్టుకెళ్ళేది మన దగ్గర్నుంచే. అందుకని బిల్ ఆఫ్ ఎంట్రీ, సుంకం కట్టిన చలానా చూపించమనండి. ఛాసిస్ నంబరు మీరే వంగి, బండి మీద చదివి, కాగితంలో ఉన్నదానితో అక్షరం అక్షరం పోల్చుకోండి. ఫోటో చూసి ఒప్పుకోవద్దు.

నా విషయానికొస్తే, బెల్టు ఫోటోలు పంపిన రోజు నుంచి ఆ మనిషి ఫోన్ ఎత్తడం లేదు. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేశాను, పోలీస్ స్టేషన్‌లో రాసిచ్చాను. డబ్బు పంపిన వెంటనే 1930కి చెప్తే బ్యాంకులో ఆపే అవకాశం ఉంటుందట, నేను చేసేసరికి ఐదు వారాలైంది. ఆ డబ్బు మా ఆవిడ రెండేళ్ళు చీటీ కట్టి దాచింది. ఆమె ఒక్క మాట కూడా అనలేదు, అదే నాకు ఎక్కువ బాధగా ఉంది.

గోపాల్‌పూర్‌లో ప్రాడో దించుతానన్న మనిషికి మీలో ఎవరైనా డబ్బు ఇచ్చి ఉంటే, సిగ్గుపడి దాచుకోకండి. పంపిన తేదీలు, బ్యాంకు మెసేజ్‌లు తీసి పెట్టుకుని నాకు చెప్పండి. ఇద్దరు ముగ్గురం కలిసి స్టేషన్‌కి వెళ్తే కేసుకి బలం వస్తుంది. వచ్చే సోమవారం నేను మళ్ళీ వెళ్తున్నాను.